పనిచోట తగవులు: హక్కు ఎవరిదో ముందు తేల్చుకుందాం

సాయిబ్ (రజి) అనే సహాబీ ఒకసారి దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధికి వచ్చారు. అక్కడున్నవారు ఆయన మంచితనాన్ని పొగడసాగారు. ఆయన గురించి మీకంటే తనకే బాగా తెలుసునని ప్రవక్త (స) అన్నారు. సాయిబ్ (రజి) ఆ మాటను ధ్రువపరుస్తూ పాతరోజులు గుర్తుచేసుకున్నారు. ఒకప్పుడు తామిద్దరూ వ్యాపారంలో భాగస్వాములమని, ఆయన ఎంతో మంచి భాగస్వామి అని, ఏనాడూ తనతో గొడవపడలేదని, వాదులాడలేదని చెప్పారు. ఈ ఉల్లేఖనం అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది.

ఈ సాక్ష్యం ఇచ్చినవారు ఎవరో గమనించండి. ఆయన మస్జిదులో ప్రసంగం విని మెచ్చుకున్న శ్రోత కాదు. లాభనష్టాల లెక్కల్లో పక్కన కూర్చున్న వ్యక్తి. డబ్బు, సరుకు, శ్రమ కలిసే చోట మనిషి అసలు స్వభావం బయటపడుతుంది. అలాంటి చోట కూడా ప్రవక్త (స) నడవడికలో వేలెత్తి చూపే లోపం దొరకలేదు.

ఇప్పుడు మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. మనతో కలిసి పనిచేసేవారిని పిలిచి మన గురించి అడిగితే వారు ఏమని చెబుతారు? ఆఫీసు, బడి, ఆర్టీసీ డిపో, మెకానిక్ షెడ్డు, దర్జీ దుకాణం, గల్ఫ్‌లో కార్మికుల క్యాంపు... ఎక్కడైనా సరే, రోజులో ఎనిమిది పది గంటలు మనం గడిపేది తోటి పనివారితోనే. నమాజు, రోజాల విషయంలో ఎంతో జాగ్రత్తగా ఉండే సోదరులు కూడా పనిచోట తగవు వచ్చేసరికి ధర్మాన్ని గుమ్మం బయట వదిలేయడం చూస్తుంటాం. ఒకే వరుసలో నిలబడి నమాజు చేసిన ఇద్దరు, దుకాణానికి తిరిగి వచ్చాక ఒకరికొకరు సలాం చెప్పుకోరు! అందుకే ఈ విషయాన్ని ఖుర్ఆన్, హదీసుల వెలుగులో కాస్త వివరంగా పరిశీలిద్దాం.

ఒకే పని, ఇద్దరు మనుషులు

దైవప్రవక్త (స) హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి), హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి)లను యమన్‌కు బాధ్యులుగా పంపారు. వారిద్దరికీ చెరొక ప్రాంతం అప్పగించారు. సాగనంపేటప్పుడు ప్రజలకు సులువు కలిగించమని, కష్టపెట్టవద్దని, శుభవార్త వినిపించమని, విరక్తి పుట్టించవద్దని ఉపదేశించారు. ఆ వెంటనే మరో మాట చేర్చారు. మీరిద్దరూ ఒకరి మాట ఒకరు మన్నించుకోండి, విభేదించుకోకండి అని తాకీదు చేశారు (బుఖారీ, ముస్లిం).

వారిద్దరూ సామాన్యులు కారు. గొప్ప విద్వాంసులు, దైవభీతి గలవారు. అయినా ఆ ఉపదేశం అవసరమైంది. మంచివాళ్ళయినంత మాత్రాన కలిసి పనిచేయడం దానంతటదే రాదని దీన్నిబట్టి అర్థమవుతోంది. దానికి ప్రత్యేకమైన శ్రద్ధ కావాలి.

వారు ఆ ఉపదేశాన్ని ఎలా ఆచరించారో కూడా హదీసులో ఉంది. తన ప్రాంతంలో తిరుగుతూ మరొకరి సరిహద్దు దగ్గరికి వచ్చినప్పుడు, ఆగి పలకరించి వెళ్ళేవారు. ఒకసారి ఇద్దరూ తమ రాత్రి ఆరాధన గురించి మాట్లాడుకున్నారు. ఒకరు ఖుర్ఆన్‌ను రాత్రీ పగలూ కొంచెం కొంచెంగా పారాయణం చేస్తానన్నారు. మరొకరు ముందు నిద్రపోయి, తర్వాత లేచి పారాయణం చేస్తానన్నారు. పద్ధతులు వేరు. కానీ నీ పద్ధతి తప్పు అని ఎవరూ అనలేదు. ఈనాడు పనిచోట జరిగే గొడవల్లో ఎన్నో ఇలాంటివే. ఒకరు పొద్దున్నే వచ్చి పని ముగించుకుంటారు, ఒకరు చివర్లో చేస్తారు. ఒకరు ప్రతిదీ రాసి పెట్టుకుంటారు, మరొకరు నోటితో చెప్పి వదిలేస్తారు. పని సక్రమంగా జరుగుతున్నంతవరకు ఇది స్వభావాల తేడా మాత్రమే. దాన్ని ధర్మాధర్మాల తగవుగా మార్చకూడదు.

కుర్చీ కోసం వచ్చే పోటీ

తోటివారి మధ్య పెద్ద చిచ్చు పెట్టేది పదవి. ప్రమోషన్ ఎవరికి, ఎవరి మాట నెగ్గాలి, నా కన్నా తర్వాత వచ్చినవాడి కింద నేను పనిచేయాలా... ఇలాంటి ఆలోచనలు మనసును తొలిచేస్తాయి.

హిజ్రీ 8లో దైవప్రవక్త (స) హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) నాయకత్వంలో ఒక దళాన్ని పంపారు. చరిత్రలో అది జాతుస్సలాసిల్ దండయాత్రగా పేరొందింది. మరింత సాయం కావాలని ఆయన కబురు చేస్తే, హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో మరో దళాన్ని పంపారు. అందులో హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) కూడా ఉన్నారు. బయలుదేరేటప్పుడు, మీరిద్దరూ విభేదించుకోవద్దని అబూ ఉబైదా (రజి)కు చెప్పారు. రెండు దళాలు కలిశాక, మీరు నాకు సాయంగా వచ్చినవారు కాబట్టి నాయకుణ్ణి నేనే అన్నారు అమ్ర్ (రజి). ఆయన ఇస్లాం స్వీకరించి అప్పటికి కొన్ని నెలలే అయింది. అబూ ఉబైదా (రజి) అయితే తొలినాటి ముస్లిములలో ఒకరు. ఈ సమాజపు అమీన్ (నమ్మకస్తుడు) అని ప్రవక్త (స) నోట బిరుదు పొందినవారు. సీనియారిటీ లెక్కన చూస్తే ఎవరిది పైచేయో చెప్పనక్కరలేదు. కానీ ఆయన ప్రవక్త (స) తాకీదును గుర్తుచేసి, మీరు నా మాట వినకపోయినా నేను మీ మాట వింటానని నాయకత్వాన్ని వదిలేశారు. నమాజుకు కూడా అమ్ర్ (రజి)యే ఇమామత్ చేశారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి.

అబూ ఉబైదా (రజి) ఓడిపోయారా? లేదు. దళం చీలకుండా నిలబడింది, అప్పగించిన పని నెరవేరింది. ఆయన గౌరవం ఈనాటికీ తగ్గలేదు. ఆయన వదులుకున్నది తన సొంత హక్కు. కాపాడింది అందరి పని. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. ముందుకు వెళ్ళేకొద్దీ ఇది ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

వినకముందే తీర్పు వద్దు

హజ్రత్ మూసా (అలైహిస్సలాం), హజ్రత్ హారూన్ (అలైహిస్సలాం) అన్నదమ్ములే కాదు, ఒకే బాధ్యతలో సహచరులు కూడా. మూసా (అలై) తూర్ పర్వతానికి వెళ్ళి వచ్చేసరికి జాతి ఆవుదూడ పూజలో పడిపోయి ఉంది. ఆయన ఆగ్రహంతో సోదరుని తల పట్టుకుని లాగారు. అప్పుడు హారూన్ (అలై) తల్లి బంధాన్ని గుర్తుచేస్తూ జరిగింది చెప్పారు. జాతి తనను బలహీనుణ్ణి చేసిందని, తనను చంపబోయిందని, శత్రువుల ముందు తనను నవ్వులపాలు చేయవద్దని విన్నవించుకున్నారు. ఆ సంజాయిషీ విన్న మూసా (అలై) తన కోసం, తన సోదరుని కోసం కలిపి అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకున్నారు (అల్ ఆరాఫ్ సూరా, 150-151 ఆయత్‌లు).

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. మొదటిది, లోపం కళ్ళెదుట కనిపిస్తున్నా దాని వెనుక కథ వేరే ఉండవచ్చు. పని ఆలస్యం చేసిన సహోద్యోగి ఇంట్లో జబ్బు మనిషి ఉండవచ్చు, అతనికి రావలసిన కాగితం ఇంకొకరి దగ్గర ఆగిపోయి ఉండవచ్చు. రెండవది, నలుగురి ముందు నిలదీయడం అవతలివారిని అవమానిస్తుంది. వాట్సాప్ గ్రూపులో అందరూ చూస్తుండగా ఒకరి తప్పును ఎత్తిచూపడం ఈ కోవలోకే వస్తుంది. ఏకాంతంలో ఒక్క మాట అడిగితే తీరిపోయే విషయం అక్కడ పదిమంది నోళ్ళలో నానుతుంది.

హుజురాత్ సూరా 12వ ఆయత్‌లో అల్లాహ్ మూడు విషయాలను వరుసగా వారించాడు: అనుమానాలు, కూపీలు లాగడం, గీబత్ (పరోక్ష నింద). తగవు పెరిగే క్రమం కూడా సరిగ్గా ఇదే! ముందు అనుమానం పుడుతుంది. దాన్ని రుజువు చేసుకోవడానికి ఎదుటివారి బల్ల, ఫోను, మాటలు వెతకడం మొదలవుతుంది. దొరికిందల్లా టీ కొట్టు దగ్గర నలుగురికీ చేరుతుంది. మొదటి మెట్టు దగ్గరే ఆగినవాడు మిగతా రెండింటి నుండి బయటపడతాడు.

నోరు జారితే ఏం చేయాలి?

హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి)ల మధ్య ఒకసారి మాట పట్టింపు వచ్చింది. అబూబక్ర్ (రజి) తొందరపడి ఏదో అన్నారు. వెంటనే బాధపడి క్షమించమని కోరారు. ఉమర్ (రజి) ఒప్పుకోలేదు. అబూబక్ర్ (రజి) ప్రవక్త (స) దగ్గరికి వచ్చి సంగతి చెప్పారు. ఆయన క్షమాపణ కోసం ప్రవక్త (స) మూడుసార్లు ప్రార్థించారు. ఈలోగా ఉమర్ (రజి) కూడా పశ్చాత్తాపపడి అబూబక్ర్ (రజి) ఇంటికి వెళ్ళారు, అక్కడ లేకపోతే ప్రవక్త (స) వద్దకు వచ్చారు. ప్రవక్త (స) ముఖంలో కోపం కనిపించసాగింది. అది చూసి అబూబక్ర్ (రజి) మోకాళ్ళపై కూర్చుని, అల్లాహ్ సాక్షిగా ఎక్కువ తప్పు నాదేనని రెండుసార్లు అన్నారు (బుఖారీ).

ఇద్దరిలో ఎవరూ, ముందు అవతలివాడు రానీ అని కూర్చోలేదు. ఒకరు ఇంటికి వెళ్ళారు, ఒకరు తప్పు తనపైన వేసుకున్నారు. సమాజంలో అత్యుత్తములైన వారికి కూడా మాట పట్టింపులు వచ్చాయంటే మనకు రావడంలో వింత లేదు. కానీ వారి మధ్య ఆ తగవు ఎంతోసేపు నిలవలేదు. మన దగ్గర అది ఏళ్ళ తరబడి సాగుతుంది.

కోపం వచ్చినప్పుడు నిలబడి ఉంటే కూర్చోమని, అప్పటికీ తగ్గకపోతే మేను వాల్చమని ప్రవక్త (స) బోధించారు (అబూ దావూద్). అంటే కోపంలో ఉన్న మనిషి చర్యకు దూరంగా జరగాలి. ఈ రోజుల్లో చేతిలోని ఫోనును కింద పెట్టడం కూడా ఈ బోధనలో భాగమే అనుకోవాలి. కోపంతో పంపిన సందేశం, కోపం చల్లారాక కూడా అవతలివారి ఫోనులో ఉండిపోతుంది.

ఇక మాట్లాడటం మానేయడం గురించి. ఒక ముస్లిం తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానేయడం ధర్మసమ్మతం కాదని, ఎదురుపడి ముఖాలు తిప్పుకునే ఆ ఇద్దరిలో ముందుగా సలాం చేసినవారే శ్రేష్ఠులని ప్రవక్త (స) తెలిపారు (బుఖారీ, ముస్లిం). సోమవారం, గురువారం స్వర్గ ద్వారాలు తెరవబడతాయని, షిర్క్ చేయని దాసులు క్షమించబడతారని, పరస్పర ద్వేషం ఉన్న ఇద్దరి వ్యవహారం మాత్రం వారు రాజీపడేవరకు ఆపివేయబడుతుందని మరో హదీసులో ఉంది (ముస్లిం). ఎదురు బల్ల దగ్గర కూర్చున్న మనిషితో వైరం, మన క్షమాపణకు అడ్డుగోడగా నిలుస్తోంది!

ఏది క్షమించాలి, ఏది క్షమించకూడదు?

ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఇస్లాం క్షమాగుణం నేర్పుతుంది కాబట్టి పనిచోట ఏం జరిగినా నోరు మూసుకోవాలా? అని అడుగుతారు. మరికొందరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. తమకు జరిగిన చిన్న అవమానాన్ని కూడా న్యాయం కోసం పోరాటమని చెప్పుకుంటారు.

హజ్రత్ ఆయిషా (రజి) మాటల్లో దీనికి సమాధానం ఉంది. దైవప్రవక్త (స) తన సొంతం కోసం ఎన్నడూ ప్రతీకారం తీర్చుకోలేదని, అల్లాహ్ నిర్ణయించిన హద్దులను ఎవరైనా ఉల్లంఘిస్తే మాత్రం అల్లాహ్ కోసం చర్య తీసుకునేవారని ఆమె తెలిపారు (బుఖారీ, ముస్లిం). కాబట్టి తగవు వచ్చినప్పుడు మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటే. ఇక్కడ దెబ్బతిన్న హక్కు ఎవరిది?

హక్కు నాదైతే, క్షమించే అధికారం నాకుంది. పలకరించలేదు, పరిహాసమాడాడు, నేను చేసిన పనిని తనదని చెప్పుకున్నాడు... ఇవన్నీ బాధించేవే. చెడుకు బదులు అంతే చెడు అని న్యాయం ఉన్నా, క్షమించి సర్దుబాటు చేసుకున్నవాని ప్రతిఫలం తనపై ఉందని అష్షూరా సూరా 40వ ఆయత్‌లో అల్లాహ్ వాగ్దానం చేశాడు. ఆ వెంటనే, అన్యాయానికి గురైనవాడు తన హక్కు కోసం నిలబడితే అతనిపై నింద లేదని కూడా 41వ ఆయత్‌లో స్పష్టం చేశాడు. అంటే క్షమాపణ ఉత్తమం. కానీ పీడితుని నుండి దాన్ని బలవంతంగా రాబట్టే హక్కు ఎవరికీ లేదు.

హక్కు ఇతరులదైతే, దాన్ని క్షమించడానికి మనమెవరం? తోటి ఉద్యోగి గోదాములో సరుకు దారి మళ్ళిస్తూ మనల్ని చూసీచూడనట్లు ఉండమంటే, అక్కడ పోతున్నది యజమాని సొత్తు. ఆసుపత్రిలో, బస్సులో, కరెంటు పనిలో తోటివాని నిర్లక్ష్యం వల్ల పోయేది మరొకరి ప్రాణం. ఒక అమాయక కార్మికుని కూలి కోత పెడుతుంటే, అది అతని పిల్లల అన్నం. వీటిలో మౌనం క్షమాగుణం కాదు, అమానతు ద్రోహం. స్నేహం చెడుతుందని భయపడి అలాంటి కాగితంపై సంతకం చేసినవాడు కూడా పాపంలో వాటాదారుడే. పీడకుడైన సోదరునికి కూడా సాయం చేయమని, అతణ్ణి పీడన నుండి ఆపడమే ఆ సాయమని ప్రవక్త (స) వివరించారు (బుఖారీ).

ఫిర్యాదు గీబత్ అవుతుందా?

ఫిర్యాదు చేస్తే గీబత్ పాపం అంటుతుందేమో అని కొందరు నిజాయితీపరులు భయపడతారు. ఇమామ్ నవవీ (రహ్మలై) రియాజుస్సాలిహీన్‌లో, ఒకరి లోపాన్ని వారి పరోక్షంలో చెప్పడం ధర్మసమ్మతమయ్యే ఆరు సందర్భాలను పేర్కొన్నారు. అన్యాయం గురించి న్యాయం చేయగల అధికారికి ఫిర్యాదు చేయడం, చెడును ఆపడానికి సాయం కోరడం, ధర్మాదేశం అడగడం, ప్రజలను హాని నుండి హెచ్చరించడం అందులో ఉన్నాయి. హజ్రత్ హింద్ (రజి) తన భర్త ఇంటి ఖర్చుకు సరిపడా ఇవ్వడం లేదని ప్రవక్త (స)కు విన్నవించుకున్నప్పుడు ఆయన ఆమెను వారించలేదు, పరిష్కారం చెప్పారు.

అయితే షరతు ఏమిటంటే, ఆ మాట పరిష్కరించగలవారి చెవికే చేరాలి, జరిగినంతే చెప్పాలి, ఉద్దేశం చెడును ఆపడమే కావాలి. మేనేజరుకు రాతపూర్వకంగా చెప్పింది ఫిర్యాదు. అదే విషయాన్ని భోజనాల దగ్గర నలుగురికీ పంచితే అది గీబత్. చాడీలు మోసేవాడు స్వర్గంలో ప్రవేశించడని ప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం).

ముఖ్యంగా మన సోదరీమణులు పనిచోట వేధింపులకు గురైతే, ఓపిక పట్టమని వారి నోరు నొక్కడం ధర్మం కాదు. మన దేశంలో 2013లో వచ్చిన చట్టం ప్రకారం, పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు స్వీకరించే అంతర్గత కమిటీ ఉండాలి. చిన్న సంస్థల్లో పనిచేసేవారు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీని ఆశ్రయించవచ్చు. ఇలాంటి చోట తండ్రి, సోదరుడు, భర్త ఆమెకు అండగా నిలవాలి.

అధికార స్థానంలో ఉన్నవారికి ఒక మాట. హజ్రత్ అలీ (రజి)ని న్యాయనిర్ణేతగా యమన్‌కు పంపుతూ, మొదటివాని మాట విన్నట్లే రెండవవాని మాట కూడా వినేవరకు తీర్పు చెప్పవద్దని ప్రవక్త (స) ఉపదేశించారు (అబూ దావూద్). ముందుగా గదిలోకి వచ్చి చెప్పినవాడి మాటే నిజమని నమ్మే సూపర్‌వైజరు ఈ హదీసును గోడకు రాసి పెట్టుకోవాలి.

ముస్లిమేతర సహోద్యోగుల విషయంలో

మన ప్రాంతంలో మనతో పనిచేసేవారిలో ఎక్కువమంది ముస్లిమేతర సోదరులే. కాబట్టి తగవు వచ్చినప్పుడు మనవాడా, పరాయివాడా అనే ప్రశ్న తలెత్తే ప్రమాదం ఉంది. మదీనాలో జరిగిన ఒక సంఘటన ఈ విషయంలో మన కళ్ళు తెరిపిస్తుంది. ఒక కుటుంబానికి చెందిన వ్యక్తి దొంగతనం చేసి, నేరాన్ని ఒక యూదునిపైకి నెట్టాడు. అతని బంధువులు అతణ్ణే వెనకేసుకొచ్చారు. అప్పుడు ఆ యూదుడు నిరపరాధి అని తేల్చుతూ అన్నిసా సూరా 105వ ఆయత్ మొదలుకొని కొన్ని ఆయత్‌లు అవతరించాయని అనేకమంది ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు తెలిపారు. తాను చేసిన తప్పును నిర్దోషిపై మోపేవాడు ఘోరమైన అపనిందను, స్పష్టమైన పాపాన్ని మోస్తున్నాడని 112వ ఆయత్ హెచ్చరిస్తోంది. ఒక జాతిపట్ల ద్వేషం కూడా మిమ్మల్ని న్యాయం నుండి తప్పించకూడదని అల్ మాయిదా సూరా 8వ ఆయత్ ఆదేశిస్తోంది.

తోటివారి కులాన్ని, పుట్టుకను, యాసను ఎత్తిపొడవడం కూడా ఇందులో భాగమే. హజ్రత్ అబూ జర్ (రజి) ఒక వ్యక్తిని అతని తల్లి పేరుతో ఎత్తిపొడిచినప్పుడు, నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని ప్రవక్త (స) మందలించారు. మీ కింద పనిచేసేవారు మీ సోదరులేనని, శక్తికి మించిన పని చెప్పవద్దని, చెబితే చేయి కలపమని బోధించారు (బుఖారీ).

ఈ రోజే లెక్క తేల్చుకుందాం

దైవప్రవక్త (స) ఒకసారి సహచరులను దివాలాకోరు ఎవరని అడిగారు. డబ్బూ సరుకూ లేనివాడని వారన్నారు. తన సమాజంలో అసలు దివాలాకోరు ఎవరో ఆయన వివరించారు. అతడు ప్రళయదినాన నమాజు, రోజా, జకాతులతో వస్తాడు. కానీ ఒకరిని తిట్టి ఉంటాడు, ఒకరిపై నింద మోపి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు. అతని పుణ్యాలు వారందరికీ పంచబడతాయి. పుణ్యాలు అయిపోతే వారి పాపాలు అతనిపై వేయబడతాయి. చివరికి అతడు నరకంలో పడవేయబడతాడు (ముస్లిం).

ఈ హదీసును మన పనిచోటికి అన్వయించుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. రమజాన్‌లో మనం కష్టపడి కూడబెట్టిన పుణ్యం, ఎవరి ముఖం చూడటం ఇష్టం లేదని మనం అంటున్నామో ఆ సహోద్యోగి ఖాతాలోకే వెళ్ళిపోవచ్చు!

అందుకే దీనారూ దిర్హమూ చెల్లని ఆ రోజు రాకముందే, ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే ఈ లోకంలోనే తేల్చుకోమని ప్రవక్త (స) ఆదేశించారు (బుఖారీ). బదిలీ అయిపోయినవారు, రిటైరైనవారు, గల్ఫ్ నుండి ఇంటికి తిరిగి వెళ్ళిపోయినవారు ఎవరైనా ఉంటే ఫోను నెంబరు సంపాదించి మాట్లాడండి. బాకీ ఉంటే పంపండి. గీబత్ చేసిన విషయం అవతలివారికి తెలియకపోతే, చెప్పడం వల్ల కొత్త వైరం పుట్టే ప్రమాదం ఉంటే, చెప్పనవసరం లేదని ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మలై) వంటి పండితులు అభిప్రాయపడ్డారు. అయితే ఏ నలుగురి మధ్య నిందించామో, ఆ నలుగురి మధ్యే వారి మంచిని చెప్పాలి, వారి కోసం దుఆ చేయాలి.

ఇద్దరు గొడవపడుతుంటే వేడుక చూడకండి. జనం మధ్య సంధి కుదర్చడం నఫిల్ రోజా, నమాజు, దానాలకంటే గొప్పదని, సంబంధాలు చెడగొట్టడం ధర్మాన్ని గొరిగివేసే కత్తి అని హదీసులో ఉంది (తిర్మిజీ).

రేపు ఉదయం పనికి వెళ్ళినప్పుడు, ఎవరితో మాటలు ఆగిపోయాయో వారి దగ్గరికి ముందుగా మనమే వెళ్దాం. ముస్లిమయితే సలాం చెబుదాం, ముస్లిమేతరుడైతే మర్యాదగా పలకరిద్దాం. మన హక్కు ఉంటే అల్లాహ్ కోసం వదులుదాం. ఇతరుల హక్కు ఉంటే నిలబడి కాపాడదాం. మన తర్వాత మన తోటి పనివారు మన గురించి మంచి సాక్ష్యం చెప్పేలా జీవించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.